క్లిఫ్ నిలబడే చోటు

నవంబరులో ఓ సాయంత్రం పెర్సీ టోపీ చేత్తో పట్టుకుని మా గుమ్మం ముందు నిలబడ్డాడు. మా వీధి మగవాళ్ళు టోపీ తీసేది రెండు చోట్లే. ఒకటి ప్రార్థనకి చాపెల్లో, రెండోది శవం ఉన్న ఇంటి ముందు. మా ఇంట్లోంచి శవం లేచింది ఏప్రిల్లో.

"ఎవరు, పెర్సీ?" అన్నాను.

"ఎవరేంటి?"

"పోయింది."

"ఎవరూ పోలేదు అమ్మాయ్. ఈ ఆదివారంనుంచి పాటలు మొదలు. నువ్వోసారి రావాలి."

అరవై దాటినదాన్ని అమ్మాయ్ అంటాడు పెర్సీ. మా ఆయన క్లిఫ్‌తో పాటు ఉక్కు ఫ్యాక్టరీలో ఆవిరి సమ్మెట దగ్గర బతుకంతా పనిచేసినవాడు. ఆ మాత్రం చనువుంది.

"ఎక్కడికి రావాలి?"

"ఇంకెక్కడికి? మూడు సానరాళ్ళకి."

నా వెనకనుంచి మా అక్క అగ్నెస్ "పబ్బుకా?" అంది, నరకానికా అన్నంత గట్టిగా. క్లిఫ్ పోయాక అక్క ఒక పెట్టె, ఒక గొడుగు పట్టుకుని మా ఇంటికి వచ్చేసింది. నన్ను కనిపెట్టుకుని ఉండడానికి వచ్చానంటుంది. ఎవరు ఎవర్ని కనిపెడుతున్నారో దేవుడికే తెలియాలి.

మేమిద్దరం మందు పాపమనే చాపెల్ పిల్లలం. పాలపళ్ళు ఊడే వయసులో అందరి ముందూ నిలబడి జన్మలో మందు ముట్టమని ప్రమాణం చేశాం. ఆ ప్రమాణం నేను తప్పలేదు. పెళ్ళి మాత్రం క్లిఫ్‌ని చేసుకున్నాను. నవంబరు నడుమనుంచి క్రిస్మస్ మర్నాటిదాకా ప్రతి ఆదివారం మధ్యాహ్నం క్లిఫ్ ఆ పబ్బుకి పాటలకి వెళ్ళేవాడు. ఏసు పుట్టుక పాటలే, కానీ మా చాపెల్లో పాడేవి కావు. మా కొండపక్క ఊళ్ళ తాతలు కట్టుకున్నవి, పుస్తకంలో లేనివి, నోటినుంచి నోటికి వచ్చినవి. భోజనం వేళకి వస్తానని వెళ్ళి పొద్దువాలేవేళకి వచ్చేవాడు. ఈలోగా నేను అతని భోజనం పళ్ళెంలో పెట్టి, పైన ఇంకో పళ్ళెం బోర్లించి, మరిగే నీళ్ళ గిన్నె మీద ఉంచి, పక్కన కూర్చుని లైబ్రరీ పుస్తకం చదువుకునేదాన్ని. బడి చదువు నాకు పెద్దగా లేదు. వచ్చిందంతా ఆ గిన్నె పక్కన కూర్చుని నేర్చుకున్నదే.

"ఏం పాడారు?" అనేదాన్ని.

"ఏం లేదు," అనేవాడు. ఎండిపోయిన మాంసం, తోలు కట్టిన గ్రేవీ మాట్లాడకుండా తినేవాడు.

సమ్మెట దగ్గర పనిచేసే మగవాళ్ళు అంతే. ఆ మోతలో మాట వినపడదు కాబట్టి చేతులతోనే మాట్లాడుకుంటారు. ఇంటికొచ్చాక చేతులు కూడా ఊరుకుంటాయి. పొద్దున సింకు దగ్గర గడ్డం గీసుకునేటప్పుడు మాత్రం ఊఁ, ఊఁ అని ఓ చప్పుడు చేసేవాడు, సీసాలో చిక్కిన తుమ్మెదలా. ఎక్కడం లేదు, దిగడం లేదు. ఉన్నచోటే కాసేపు తచ్చాడి ఓ మెట్టు కిందికి జారేది. "రాగమన్నది లేదు నీ దగ్గర, నిన్నెలా రానిస్తారో!" అనేదాన్ని. సబ్బు నురగలోంచి నవ్వేవాడు.

పెర్సీ టీ తాగి అసలు సంగతి చెప్పాడు. పాటలవాళ్ళలో ఒక్కొక్కరికీ అక్కడ ఒక చోటుంది. 'వాగుదారి' అనే పాట ఒకటి కింది గొంతుతో, ఒక్క మనిషితో మొదలవుతుంది. మిగతావాళ్ళు ఆ తర్వాత అందుకుంటారు. ఆ ఒక్కడు క్లిఫ్. పోయినవాడి చోటు ఒక పాటల కాలమంతా ఖాళీగా ఉంచుతారు. క్రిస్మస్ మర్నాడు ఇంటివాళ్ళు వచ్చి అది ఎవరికిస్తారో చెప్పాలి.

"మా అల్లుడు డెరెక్‌కి మంచి గొంతుంది," అన్నాడు పెర్సీ, టోపీ అంచు తిప్పుకుంటూ. "నువ్వు సరేనంటే."

"అనకపోతే?"

"పాట పక్కన పెట్టేస్తాం. ఇంటివాళ్ళ మాట లేకుండా ఎత్తుకోం. మా తాత హయాంలో అలా ఒకటి పోయింది. ఎంత బాగుండేదో అని చెప్పుకునేవాళ్ళే గానీ ఎలా ఉండేదో చెప్పగలిగినవాడు ఒక్కడూ లేడు."

"వెళ్ళొద్దే," అంది అక్క, అతను వెళ్ళాక. "ఇచ్చేశానని ఓ ముక్క చెప్పి పంపిస్తే సరిపోయేదిగా."

ఇచ్చెయ్యడమే నా వల్ల కానిది. నేను సాగనంపినవాళ్ళు తిరిగి రారు. తమ్ముణ్ణి యుద్ధానికి రైలెక్కించాను, వాడు ఓడతో పాటే మునిగిపోయాడు. అమ్మని ఆసుపత్రిలో, చూడవచ్చినవాళ్ళు వెళ్ళాలని గంట కొట్టారని వదిలేసి వచ్చాను. క్లిఫ్ ఊరి చివర కూరగాయల మడికి పోతుంటే "వచ్చేటప్పుడు బూట్లు తుడుచుకుని రా" అన్నాను. బూట్లు పక్కింటాయన తెచ్చిచ్చాడు. అప్పటినుంచీ గ్యాసు కట్టానా, గొళ్ళెం పెట్టానా అని సగం దారినుంచి వెనక్కి వస్తుంటాను. ఇక ఆ చోటు కూడా ఇచ్చేస్తే, ఈ ఊళ్ళో క్లిఫ్‌దంటూ ఏం మిగులుతుంది?

ఇచ్చేముందు ఆ చోటు ఎలా ఉంటుందో చూద్దామని ఆదివారం బయల్దేరాను. గొళ్ళెం చూసుకోవడానికి వెనక్కొచ్చినప్పుడు అక్క కిటికీలోంచి "నీ మనసు మారి తిరిగొచ్చావేమో అనుకున్నా" అంది.

పెద్ద బజారులో బ్యాంకుకీ టోపీల కొట్టుకీ మధ్య ఉంటుంది పబ్బుకి పోయే సందు. ఎదురుగా ఇంకొకరు వస్తే ఒకరి గొడుగు ముయ్యాల్సిందే. ఆ బజారులో నేను కొన్ని వందలసార్లు నడిచాను గానీ సందులోకి ఎప్పుడూ తల తిప్పలేదు. లోపలికి వెళ్ళేకొద్దీ బస్సుల రొద తగ్గింది. ఇంకో చప్పుడు మొదలైంది. ఎక్కడినుంచో తెలియలేదు. తలుపు లేదు, కిటికీ లేదు, పొగపట్టిన ఇటుక గోడ, పైన సన్నటి ఆకాశం. గోడే పాడుతోందనుకున్నాను. చేతి తొడుగు తీసి ఇటుక మీద అరచెయ్యి పెట్టాను. ఇటుక వణుకుతోంది.

ఎంతసేపు అలా ఉన్నానో. సందు మలుపులో ఉన్న తలుపులోంచి ఓ కుర్రది బయటికి వచ్చి "లోపలికి రండి పెద్దమ్మా, మీరు పట్టుకోకపోయినా గోడ పడిపోదులెండి" అని తలుపు పట్టుకుంది.

లోపల మా ముందుగది కంటే పెద్దదేం కాదు. తలకి తగిలే పైకప్పు, బొగ్గుల పొయ్యి, తడి కోట్ల ఆవిరి, మసక అద్దాల మీద నీటి చారలు. జనం ఒకరి భుజంలో ఒకరు ఇరుక్కుని నిలబడ్డారు. అందరూ పాడుతున్నారు. వాయిద్యం లేదు, కాగితం లేదు. పై గొంతులు ఒక పక్కకి ఎగిరితే కింది గొంతులు వాటిని పట్టి మళ్ళీ నేలకి దించుతున్నాయి. మా బొగ్గులవాడు, ఏడాదంతా తూకంలో చెయ్యి చూపించే ఆ మనిషి, కళ్ళు మూసుకుని దేవదూతలా నోరు తెరిచి ఉన్నాడు. నాకు ఇంజెక్షన్ ఇచ్చిన నర్సు ఉంది. చేపలమ్మి ఉంది. ఇంత వైభవం ఈ సందులో, మా ఇంటికి రెండు బస్సు స్టాపుల అవతల, నేను గ్రేవీ కలుపుతున్నన్ని ఏళ్ళూ జరుగుతూ ఉందా? నిలబడ్డానికి చోటు వెతికాను.

పొయ్యి పక్కన ఒక్క మనిషికి సరిపడా ఖాళీ ఉంది. అంత ఇరుకులో ఆ ఒక్క జాగా ఎందుకు వదిలారో తట్టలేదు. అక్కడ గోడకున్న చిన్న బల్ల మీద నిండు బీరు గ్లాసు, నురగ చచ్చిపోయి. ఎవరో మర్చిపోయారనుకున్నాను. చాపెల్ మనిషిని, బీరు గ్లాసు పక్కన ఎలా నిలబడను? చేతిరుమాలు చుట్టి, రెండు వేళ్ళతో ఎత్తి, తీసుకెళ్ళి కిటికీ గూట్లో పెట్టేసి వచ్చి ఆ చోట నిలబడ్డాను.

పాట అయిపోయింది. ఇంకోటి మొదలవలేదు. బొగ్గులు సర్దుకున్న చప్పుడు వినిపించింది. అందరూ నా వైపే చూస్తున్నారు.

మందు పోసే బల్ల వెనకనుంచి పబ్బు ఆవిడ ఫ్లోరీ అడిగింది. "ఐవీ, ఆ గ్లాసు తీసింది నువ్వేనా అమ్మా?"

"నేనే. ఎవరో తాగకుండా వదిలేసి పోయారు."

"వదిలేసి పోయింది మీ ఆయనే."

నాకు అర్థం కాలేదు. పెర్సీ రెండు చేతులతో తల పట్టుకున్నాడు. "చెప్పడం మర్చిపోయాను. అమ్మాయ్, పోయినవాడి చోట గ్లాసు పెడతాం. దాన్ని ఇంటి మనిషి ఎవరు కదిపితే చోటు వాళ్ళదవుతుంది."

"ఆవిడ పాడదుగా!" అన్నారెవరో.

"తాగదు కూడాను!"

"క్లిఫ్ తాగింది చాల్లే, ఇద్దరికీ సరిపోతుంది." నవ్వులు.

"పొరపాటున జరిగింది," అన్నాడు పెర్సీ. "తీసినచోటే మళ్ళీ పెట్టేస్తే పోలా?"

"పోదు," అంది ఫ్లోరీ. "గుడ్డు పగిలాక పెంకు అతికిస్తావా? కదిపింది, అయిపోయింది. ఇహ ఆవిడ పాడాలి, లేదా నోరు విప్పి ఫలానా వాళ్ళకిచ్చానని చెప్పాలి. ఏమ్మా, ఏమంటావు?"

పెర్సీ వెనక అతని అల్లుడు డెరెక్ ఉన్నాడు, తలుపంత మనిషి. చెవులు ఎర్రబడి నేల చూస్తున్నాడు. అతని పేరు చెప్పేస్తే అక్కడితో అయిపోయేది. చెబుదామనే నోరు తెరిచాను. అప్పుడే నా తల పక్కన గోడ కనిపించింది. గోడకి కొట్టిన చెక్కంతా పొగచూరిన పసుపు రంగు. ఒక్కచోట మాత్రం, క్లిఫ్ భుజం ఎత్తున, రంగు అరిగి కొయ్య బయటపడి నున్నగా మెరుస్తోంది. అరచేతి మేర.

"క్రిస్మస్ మర్నాటిదాకా ఉండనివ్వండి," అన్నాను.

"అదీ మాట," అంది ఫ్లోరీ. నాకు అల్లం సోడా ఇచ్చింది.

ఆ తర్వాత పెర్సీ "వాగుదారి" అన్నాడు. చెయ్యి ఎత్తాడు. ఎవరూ పాడలేదు. దగ్గు లేదు, గ్లాసు చప్పుడు లేదు. ఏదో తేడా వచ్చిందని భయమేసింది. ఉన్నట్టుండి, ఎవరూ సైగ చెయ్యకుండానే, అంతమందీ ఒక్క క్షణంలో ఒక్క గొంతుతో అందుకున్నారు. కాళ్ళ కింద నేల లేచినట్టయింది.

తర్వాత ఫ్లోరీని అడిగాను. "మొదట్లో ఎందుకు ఆగారు?"

"ఎవరాగారు?" అంది గ్లాసు తుడుస్తూ. "క్లిఫ్ పాడుతుంటే విన్నాం."

ఇంటికి వెళ్ళేసరికి అక్క నా చుట్టూ తిరిగి కోటు వాసన చూసింది. "పొగ," అంది. ఇంకోసారి చూసింది. "పొగేనా?"

"అల్లం సోడా కూడా ఉంది."

"సోడాతో మొదలైనా చివరికి బీరు దగ్గరికే చేరతారు," అంది.

తర్వాతి ఆదివారాలన్నీ వెళ్ళాను. ప్రతిసారీ సందులో చేతితొడుగు తీసి గోడ ముట్టుకునేదాన్ని. ఏడిపించేవాళ్ళు ఏడిపించారు. "ఐవీ, ఇవాళ ఎవరి గ్లాసు ఎత్తుకుపోతావు?" అని బొగ్గులవాడు తన గ్లాసు కోటు కింద దాచుకునేవాడు. "నీ బస్తాలు తూయించుకో, నా సంగతి తర్వాత," అన్నానోసారి. గది గొల్లుమంది. అన్నది నేనేనా అని నాకే అనుమానమొచ్చింది.

కానీ చోటు సంగతి తేలలేదు. డెరెక్ గ్యాసు పనివాడు. ఓ రోజు మా స్టవ్ చూడటానికి వచ్చాడు. వాసన వస్తోందని నేనే కబురు పెట్టాను. వాసనేం రావడం లేదు.

"అంతా బాగానే ఉందండీ," అన్నాడు.

"బాబూ, క్లిఫ్ పాడే ఆ మొదటి వరస ఎలా ఉంటుందో ఒక్కసారి పాడి వినిపిస్తావా?"

డెరెక్ స్పానరు సంచిలో పెట్టి తల అడ్డంగా ఊపాడు. "మీరు చోటిచ్చాకే అండీ. అంతకుముందు నా నోట రాకూడదు. లైసెన్సు లేకుండా ట్యాపు ముట్టుకోనుగా, ఇదీ అంతే."

"ఇస్తేనే గానీ వినలేను. వింటేనే గానీ ఇవ్వలేను."

"నాకేం తొందర లేదండి," అన్నాడు. గుమ్మం దాకా వెళ్ళి మళ్ళీ తిరిగాడు. "నేను పాడినా అది క్లిఫ్‌లా ఉండదు. అది మా మామకీ తెలుసు."

నాకు తెలిసిపోయింది, ఇచ్చెయ్యక తప్పదని. పాట పోతే ఆ పాపం మా ఇంటిది. పెర్సీ తాత కాలంలో పోయిన పాటలాగే, ఎంత బాగుండేదో అని మాత్రమే చెప్పుకుంటారు. ఎలాగూ ఇచ్చేసేదే, చివరిరోజు దాకా నా చోటే అనిపించుకుందామనుకున్నాను. అంతే.

క్రిస్మస్ ముందు వచ్చిన ఆదివారం పెర్సీ మళ్ళీ చెయ్యి ఎత్తాడు. మళ్ళీ ఆ మౌనం. నేను పొయ్యి వైపు చూస్తూ నిలబడ్డాను. పెర్సీ వేలు గాలిలో మెల్లగా కదులుతోంది, ఎవరో పాడుతున్నదానికి తాళం వేస్తున్నట్టు. అతని వేలు చూస్తుంటే నాకు సబ్బు వాసన వచ్చింది. ఉన్నచోటే కాసేపు తచ్చాడి, ఓ మెట్టు కిందికి. మళ్ళీ ఉన్నచోటే. సీసాలో తుమ్మెద. అది ఆగిన చోటే, ఆ క్షణంలోనే, గదంతా అందుకుంది.

నేను అల్లం సోడా గ్లాసు బల్ల మీద పెట్టాను.

ఎవరికీ చెప్పలేదు. ఇంటికొచ్చి సింకు దగ్గర, అతని గడ్డం అద్దం ముందు నిలబడి ఊఁ అన్నాను. మళ్ళీ అన్నాను.

"కుళాయి పాడైందా?" అంది అక్క ముందుగదిలోంచి.

ఆ ఏడు క్రిస్మస్ మర్నాడు ఆదివారమే పడింది. సందులో మంచు, దాని మీద చాలా అడుగులు. గడపలో బూట్లు తుడుచుకుని లోపలికి వెళ్ళాను. డెరెక్ కొత్త టై కట్టుకుని, ఊపిరాడనట్టు ఉన్నాడు. ఫ్లోరీ కిటికీ గూట్లోంచి క్లిఫ్ గ్లాసు తెచ్చి బల్ల మీద పెట్టింది. పెర్సీ టోపీ తీశాడు.

"ఐవీ. ఇక చెప్పాలమ్మా. ఎవరికి?"

నేను వెనక్కి జరిగి ఆ నున్నటి కొయ్యకి ఆనుకున్నాను. క్లిఫ్ భుజం అరగదీసిన చోటికి నా తల వెనకభాగం వచ్చింది. పాట మాటలు నాకు రావు. ఊఁ అనే ఎత్తుకున్నాను. చాపెల్లో వెనక వరుసలో గొణిగే గొంతు నాది, మొదట్లో నాకే వినపడలేదు. ఉన్నచోటే, కాసేపు. నర్సు చేత్తో నోరు మూసుకోవడం చూశాను. ఓ మెట్టు కిందికి. అక్కడ వరస తెగింది. పెర్సీ వేలు ఆగకుండా కదులుతూనే ఉంది, వదలకు, ఉంది, ఇంకా ఉంది అన్నట్టు. ఊపిరి తీసుకుని మళ్ళీ పట్టుకున్నాను. తుమ్మెద ఆగే చోటికి వచ్చి ఆగాను.

వాళ్ళు అందుకున్నారు.

ఆ చప్పుడు ఎలా ఉంటుందో చాలా ఏళ్ళుగా రాద్దామని చూస్తున్నాను. చాలా పుస్తకాలు చదివాను, ఎక్కడా దొరకలేదు. ముందు డెరెక్, వెనక బొగ్గులవాడు, పైన ఆడవాళ్ళు, నేను పెట్టిన పునాది మీద ఇల్లు లేచినట్టు లేచారు. నా వెనక కొయ్య వణికింది. బయట సందులో ఎవరైనా ఉంటే గోడ పాడుతోందనుకుని ఉంటారు.

పాట అయిపోయింది.

"క్లిఫే," అన్నాడు బొగ్గులవాడు. "బూట్లు విప్పొచ్చాడు, అందుకే కాస్త ఎత్తు తగ్గాడు."

నవ్వులో పెర్సీ కళ్ళు తుడుచుకున్నాడు. డెరెక్ టై వదులు చేసుకుని "అమ్మయ్య" అన్నాడు, మనస్ఫూర్తిగా. "మాటలు నేను నేర్పుతానండీ. వరస మీరు నాకు నేర్పండి. ఎప్పటికైనా."

"ఎప్పటికైనా," అన్నాను. ఎప్పటికైనా అన్న మాట అంటే నాకు మొదటిసారి భయం వెయ్యలేదు.

ఫ్లోరీ క్లిఫ్ బీరు పొయ్యిలో పోసింది. బుస్సుమని ఆవిరి లేచి, కాసేపు గదంతా వేయించిన రొట్టె వాసన వచ్చింది.

పొద్దువాలుతుండగా ఇల్లు చేరాను. పొద్దున వెళ్ళేటప్పుడు గొళ్ళెం చూసుకోవడానికి వెనక్కి రాలేదని గుమ్మం దగ్గర గుర్తొచ్చింది. అక్క వంటింట్లో గిన్నె పక్కన నిటారుగా కూర్చుని ఉంది. గిన్నె మీద పళ్ళెం, పళ్ళెం మీద పళ్ళెం.

"ఇదా వచ్చే వేళ?" అంది. పై పళ్ళెం ఠక్కున తీసి నా ముందు పెట్టింది. మాంసం అంచులు వంకర తిరిగాయి. గ్రేవీ తోలు కట్టింది. నేను కోటు విప్పకుండానే తినడం మొదలుపెట్టాను.

కాసేపటికి అక్క అడిగింది. "ఏంటా చప్పుడు, తింటూ ఊఁ, ఊఁ అని?"

"ఏం లేదు."

అక్క నా మొహం వైపు చూసింది. పొయ్యి మీది గిన్నె దించి, కుర్చీ దగ్గరికి లాక్కుంది.

"ఆ ఏం లేనిదే," అంది, "ఇంకోసారి అను."